మృతులకొరకు శోకము – జైన దృష్టి

యానామున గౌతమీ తీరమునకు ప్రాతఃకాలమున వెళ్ళినవారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. తల గొరిగించుకొన్న కుమారుడు తడిబట్టతో కూర్చుండును. పురోహితుడు పిండము పెట్టించును. బంధువులు దూరముగా నిలిచి, కాకి ముట్టునా, ముట్టదా యని చూచుచుందురు. ముట్టనిచో, పోయినవానికి ఏదో కోరిక మిగిలిపోయినదని ఒకరు, ఫలానా కూతురు ఇంకను రాలేదు గనుకనే యని మరియొకరు చెప్పుకొందురు. అటుపై చిన్నదినము, పెద్దదినము, మాసికములు, సంవత్సరీకము.

ఈ ఊరికి ఒక విశేషము కలదు. 1954 వరకు ఇది ఫ్రెంచివారి పాలనలో నుండెను. 1881 నాటి ఫ్రెంచి శాసనము ప్రకారము, తన కులమతాచార ధర్మమును వదలుకొనుచున్నానని ప్రకటించినవాడు ఫ్రెంచి పౌరస్మృతి క్రిందికి వచ్చెడివాడు. వదలుకొననివానికి తన ఆచారమే చట్టము. సంతకముతో చట్టము మారును గాని, చావు సంభవించిన ఇంట ఆచారము మారుట అంత సులువైన పని కాదు.

యానామున గాని, కాకినాడ, రాజమహేంద్రవరములలో గాని జైన గృహస్థుని ఇంట మరణము సంభవించినచో, ఇరుగుపొరుగువారు మంచి మనసుతోనే అడుగుదురు: “దినములు ఎప్పుడండీ? పిండములు పెట్టరా?” మన పిల్లలు జవాబు చెప్పలేక తెల్లబోవుదురు. వారికొరకే ఈ పాఠము.

ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రము రెండవ అధ్యాయమున దీనికి సమాధానము కలదు. దేహమును విడిచిన జీవుడు నాలుగవ సమయమునకు ముందే తన తరువాతి జన్మస్థానమును చేరుకొనును. సమయమనగా కాలమునందలి అతిసూక్ష్మ భాగము; ఒక్క రెప్పపాటులో అసంఖ్యాక సమయములు గడచిపోవును. పొరుగింటికి కబురు అందక పూర్వమే అతడు మరియొకచోట జన్మించినాడన్నమాట. ఆకలితో తిరుగు ప్రేతము లేదు. దానికి అన్నము పంపు దారియు లేదు. ఒకని కర్మఫలమును మరియొకడు అనుభవింపజాలడు గనుక, కొడుకు చేసిన పుణ్యము తండ్రి లెక్కలో చేరదు. పిండప్రదానము జైనులకు లేకపోవుటకు కారణమిదే గాని, పెద్దలయందు ప్రేమ లేక కాదు.

ఇక శోకము మాట. మన శాస్త్రములు శోకమును తొమ్మిది నోకషాయములలో ఒకటిగా లెక్కించినవి. ఇష్టమైనవారు ఎడబాసినప్పుడు మనసు దానినే పట్టుకొని తిరుగుట ఆర్తధ్యానము నాలుగు విధములలో ఒకటి. తత్త్వార్థ సూత్రము ఆరవ అధ్యాయము ఇంకొక మెట్టు ముందుకు పోవును: దుఃఖము, శోకము, ఆక్రందనము మొదలైనవి తనయందు కలిగించుకొన్నను, ఇతరులయందు కలిగించినను అసాతావేదనీయ కర్మబంధమునకు హేతువులు.

ఇతరులయందు అను మాట గమనింపుడు. మన తెలుగునాట భర్త పోయిన స్త్రీని నలుగురిలో కూర్చుండబెట్టి, గాజులు చిట్లగొట్టి, బొట్టు చెరిపి, చుట్టును చేరి రాగములు తీసి ఏడ్చు పద్ధతి ఇంకను అక్కడక్కడ కనబడుచున్నది. ఆమె కొంచెము తేరుకొనులోపల మరియొక చుట్టము వచ్చి మరల మొదలు పెట్టును. ఇది సానుభూతి యని లోకము అనుకొనును. నా మట్టుకు నాకు ఇది హింసయే.

అయితే ఏడ్వనే కూడదా? గౌతమస్వామి చరిత్రను చూడుడు. మహావీర ప్రభువునకు మొదటి గణధరుడైన ఇంద్రభూతి గౌతముడు గురువుపై అపారమైన ప్రేమ కలవాడు. క్రీ.పూ. 527లో పావాపురియందు ప్రభువు నిర్వాణము పొందిన రాత్రి ఆయన దగ్గర లేడు. దేవశర్మయను బ్రాహ్మణునికి బోధించుటకై గురువే పంపియుండెను. తిరిగి వచ్చుచు దారిలో వార్త విని విలపించెను. చివరి గడియలో నన్నేల దూరముగా పంపితిరని వాపోయెను. ఏడ్చి ఏడ్చి, తాను ఇంతకాలము పట్టుకొనియున్నది రాగమునే యని గ్రహించెను. ఆ రాత్రియే ఆయనకు కేవలజ్ఞానము కలిగెనని శ్వేతాంబర సంప్రదాయము. ఆ కన్నీటిని ఏ గ్రంథమును నిందింపలేదు.

మన ప్రాంతపు జైనులు పోయినవారిని మరచినవారు కారు. కడప జిల్లా దానవులపాడున పెన్న ఒడ్డున నిషిధి శాసనములు దొరకినవి. రాష్ట్రకూట దండనాయకుడు శ్రీవిజయుని నిషిధి వానిలో నొకటి. వ్రతముతో దేహము చాలించిన వానికి జ్ఞాపకముగా ఒక రాయి నిలిపిరి. అంతే.

లోకాచారముతో ఎంతవరకు నడువవచ్చునో సోమదేవసూరి తన యశస్తిలకమున (క్రీ.శ. 959) తేల్చి చెప్పెను. ఈయన వేములవాడ చాళుక్యుల ఆదరము పొందినవాడు. సమ్యక్త్వమునకు హాని లేక, వ్రతమునకు దోషము రానంతవరకు ఏ లౌకికాచారమైనను జైనులకు అంగీకార్యమే యని ఆయన అభిప్రాయము. కావున స్నానము, సూతకము, బంధువులు వచ్చి కూర్చుండుట – వీనిని మానవలసిన పని లేదు. సూతక దినముల లెక్క శాఖను బట్టి, బంధుత్వమును బట్టి మారును. మీ ఇంటి పెద్దలను అడిగి పాటింపుడు. పెద్దదినపు విందుకై అప్పు చేయుట మాత్రము ఏ శాఖలోను ధర్మము కాదు. ఆ సొమ్ముతో గోశాలకు గడ్డి కొనుడు, లేదా బీదపిల్లలకు పుస్తకములు కొనిపెట్టుడు. అయినను ఆ పుణ్యము చేసినవారిదే గాని పోయినవారిది కాదని మరువవలదు.

ఇంటిలో ఎవరైన అంత్యదశలో నున్నప్పుడు నవకార మంత్రమును మెల్లగా, వారికి వినబడునట్లు చెప్పుడు. ఆ గదిలో ఏడ్పులు వలదు. తరువాత ద్వాదశానుప్రేక్షలలో అనిత్య, అశరణ, ఏకత్వ భావనలను రోజునకు ఒకటి చొప్పున ఇంటిల్లిపాది కూర్చుండి చదువుకొనవచ్చును. పరామర్శకు వెళ్ళువారు చావు ఎట్లు వచ్చినదో మరల మరల చెప్పింపక, ఆ ఇల్లాలు ఆ పూట అన్నము తిన్నదా యని మొదట అడుగవలెను.