ఆట మారితే సీటు పోతుందా?

ఎనిమిదో తరగతిదాకా కబడ్డీ ఆడిన అమ్మాయి ఇక బరువులెత్తుతానంటే శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంట్లోవాళ్లకు గుబులే. ‘మా గుంట ఇన్నాళ్లూ ఆడిందంతా వృథాయేనా? రేపు కాలేజీవాళ్లేమంటారు?’

ఏమీ అనరు. మన దగ్గర స్పోర్ట్స్ కోటా సీటుకు ఆట ఎందుకు మార్చావన్నది లెక్కలోకి రాదు. సర్టిఫికెట్ ఏ ఆటది, ఏ స్థాయిది, ఏ ఏడాదిది అన్నదే లెక్క.

ముందు వయసు చూడండి. స్కూల్ గేమ్స్ అండర్-14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి. మండలం, జిల్లా, రాష్ట్రం దాటితేనే జాతీయ పోటీ. కొత్త ఆటలో ఆ మెట్లెక్కడానికి రెండు మూడు సీజన్లయినా చేతిలో ఉండాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మారితే మేలు. ఇంటర్ రెండో ఏట మారితే ఆట వస్తుందేమో గానీ కాగితం రాదు.

ఏ ఆటకు మారాలన్నది టీవీ చూసి తేల్చకండి. నేర్పేవాళ్లు దగ్గర్లో ఉన్నారా? ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం తెచ్చిన జిల్లా మనది. అయినా శిక్షణకు మందస నుంచి రోజూ శ్రీకాకుళం వెళ్లి రావడం బడిపిల్లకు అయ్యే పని కాదు. హాస్టల్ సంగతి ముందే తేల్చుకోండి. ఇక ఎంపిక సంగతి. కబడ్డీలో జట్టులోకి తీసుకుంటేనే సర్టిఫికెట్. వెయిట్‌లిఫ్టింగ్‌లో ఎత్తిన కిలోలే మాట్లాడతాయి. సిఫార్సు లేని పిల్లకు, నన్నడిగితే, రెండోదే నయం. పాత ఆట బలం ఎందులో పనికొస్తుందో పీఈటీ మాస్టారినడగండి. నిజామాబాద్ నిఖత్ జరీన్ మొదట పరుగుపందేల అమ్మాయే. బాక్సింగ్‌కు మారి 2022, 2023ల్లో ప్రపంచ ఛాంపియనయ్యారు.

కొత్త ఆట కుదిరేదాకా పాతది మానిపించొద్దు.

పాత సర్టిఫికెట్లు పదిలం. ఐఐటీ మద్రాస్ 2024లో మొదలుపెట్టిన క్రీడా కోటాకు జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కడంతో పాటు గత నాలుగేళ్లలో జాతీయ స్థాయి పతకం ఉండాలన్నారు. అంటే పదో తరగతిలో పాత ఆటలో వచ్చిన పతకమూ ఆ గడువులోనే ఉంటుంది. అయితే ఏ ఆటలను లెక్కిస్తారన్నది నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఈఏపీసెట్ కోటాకూ అంతే. సర్టిఫికెట్లలో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోవాలి. 2018 తిత్లీ తుపానుకు కప్పులెగిరిపోయిన ఊళ్లు మనవి. జెరాక్సులు చుట్టాలింట్లో ఒక సెట్టు, ఫొటోలు ఫోన్‌లో ఉంచండి.

టెక్కలిలోనో పలాసలోనో డిగ్రీకి చేర్చేట్టయితే, ఫీజు కట్టకముందే ఆ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌ను (పీడీ) కలవండి. అమ్మాయి ఆటలో ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు పిల్లలను పంపుతున్నారా, కిందటేడు పంపారా అని అడగండి. నీళ్లు నమిలితే ఇంకో కాలేజీ చూసుకోండి.