ఫోన్ జేబులో పెట్టి వెతకండి
(జియోకాచింగ్: సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: జియోకాచింగ్ అంటే దాచిన డబ్బాలు వెతికే ఆట కదా! కొత్తవాళ్లకు ఏమేం కావాలి?
- డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఫోన్, అందులో జియోకాచింగ్ యాప్, ఒక పెన్ను. చాలామంది పెన్నే మరిచిపోతారు. డబ్బాలోని చీటీ మీద పేరు, తేదీ రాస్తేనే దొరికినట్టు లెక్క.

ఈ ఆట మొదలైంది ఇలా: పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తేడాను అమెరికా 2000 మే 2న తీసేసింది. మరుసటి రోజే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఒక బకెట్లో కొన్ని వస్తువులు దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఒకటి తీసుకుంటే ఒకటి పెట్టాలన్న పద్ధతి అప్పటిదే. ఆ బకెట్లో చిక్కుడుగింజల టిన్ను కూడా ఉండేదట. ఇప్పుడు తినేవి పెట్టకూడదు. మన గుట్టల మీదైతే కోతులు ఒక్క పూట కూడా ఉండనివ్వవు.

ప్రశ్న: ఓరుగల్లు కోట దగ్గరి చోటని అంకెలు కొడితే ఫోన్ ఇంకెక్కడికో దారి చూపిస్తోంది. ఎందుకు?
- వ్యాపారి, వరంగల్

జవాబు: చుక్క పెట్టడంలో పొరపాటు. ఈ ఆటలో అంకెలను డిగ్రీలు, నిమిషాలుగా ఇస్తారు. కోట అక్షాంశం సుమారు 17 డిగ్రీల 57 నిమిషాలు. దాన్ని 17.57 అని కొడితే దాదాపు 42 కిలోమీటర్లు దక్షిణానికి పోతారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి అది 17.95 కావాలి. నిమిషాల్లో మూడో దశాంశ అంకె ఒకటి మారితే తేడా రెండు మీటర్ల లోపే. మొదట్లో తప్పితేనే ఊరు మారుతుంది.

ప్రశ్న: సరిగ్గా చోటుకే వెళ్లాను. ఫోన్‌లో బాణం ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరుగుతోంది. ఎంత వెతికినా డబ్బా లేదు.
- ఇంజినీరింగ్ విద్యార్థి, కాజీపేట

జవాబు: ఆరుబయట కూడా ఫోన్ ఐదారు మీటర్లు తప్పు చూపిస్తుంది. పెద్ద బండల పక్కన, చెట్ల కింద ఇంకా ఎక్కువ. పైగా డబ్బా దాచినవారి ఫోన్‌లోనూ అంతే తప్పు ఉండి ఉంటుంది. అందుకే పది మీటర్ల దూరంలోకి రాగానే ఫోన్ జేబులో పెట్టేయండి.

ఇక దాచిన మనిషిలా ఆలోచించండి. మీరైతే ఎక్కడ పెడతారు? దారినపోయేవాళ్ల కంట పడకుండా, చేతికి మాత్రం అందేలా. స్థలం యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా నేలలో పాతిపెట్టడం ఈ ఆటలో నిషిద్ధం కాబట్టి మామూలుగా తవ్వే పనే ఉండదు. ప్రకృతి పేర్చనట్టు కనిపించేదాన్ని పట్టుకోండి: బండ సందులో వరుసగా ఇమిడిన చిన్న రాళ్లు, ఒకే వైపు వాలిన నాలుగు ఎండుపుల్లలు, చుట్టూ నాచు ఉండి తాను మాత్రం శుభ్రంగా ఉన్న రాయి. ఇనుప రెయిలింగ్ అయితే అడుగు భాగం తడమండి, అయస్కాంతంతో అతికించిన బొటనవేలంత డబ్బా ఉండొచ్చు. యాప్‌లో ఆ డబ్బా పేజీలో సైజు, కష్టం అంకె ముందే చూసుకోండి. కష్టం ఒకటి ఉన్నదానితో మొదలుపెట్టండి, ఐదు జోలికి ఇప్పుడే పోవద్దు.

బండ సందులోకి చెయ్యి మాత్రం పెట్టకండి. ముందు కర్రతో కదిపి, టార్చి వేసి చూడండి. తేళ్లు, పాములు ఉండే చోట్లే ఇవి. పొదల్లో దూలగొండి ఉంటే ఆ పూటకు ఆట ముగిసినట్టే.

ప్రశ్న: గుడి దగ్గర వెతుకుతుంటే గుప్తనిధుల కోసం వచ్చారా అని ఊరివాళ్లు నిలదీశారు.
- ఉపాధ్యాయుడు, ములుగు

జవాబు: వాళ్లను తప్పు పట్టలేం. నిధుల పిచ్చితో పాత గుళ్లను తవ్వి పాడుచేసినవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప లాంటి రక్షిత కట్టడాలకు నష్టం చేస్తే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి కోటలోని కీర్తితోరణాల మధ్య పడి ఉన్న శిల్పం ముక్కను కదిపి చూడటం కూడా వద్దు. అలాంటి చోట్లకు డబ్బా లేని వర్చువల్ రకమే తగినది: వెళ్లి, చూసి, అడిగిన ప్రశ్నకు జవాబు రాస్తే చాలు.

ఎవరైనా అడిగితే దాచకుండా యాప్ చూపించండి. వద్దంటే వచ్చేయండి. పలుగూ పారా వెంట తీసుకెళ్లకండి.