గ్యాస్ లేదంటే కట్టేదెవరు?

కడప, రాయచోటి నుంచి కువైట్ పోయినోళ్ళు ఇంటికి డబ్బు పంపేముందు "కమీషన్ ఎంత?" అని అడుగుతారు. బ్లాక్‌చెయిన్‌లో ఆ కమీషన్ పేరు గ్యాస్. 'గ్యాస్‌లెస్' అంటే అది మాయమైందని కాదు. మన బదులు రిలేయర్ కడతాడు.

పని ఇట్లా సాగుతుంది. ఈఐపీ-3009 ప్రకారం మనం సంతకం మాత్రమే చేస్తాం. రిలేయర్ దాన్ని చెయిన్‌కు ఎక్కిస్తాడు. సర్కిల్ సంస్థ 2023లో తెచ్చిన సీసీటీపీ ఇక్కడి యూఎస్‌డీసీని బర్న్ చేసి, అవతలి చెయిన్‌లో మింట్ చేయిస్తుంది. అక్కడి కాంట్రాక్టు దాన్ని ఆవే లాంటి లెండింగ్ ప్రోటోకాల్‌లో జమచేస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ సంతకంలో మొత్తం, గడువు, నాన్స్ ఉంటాయి. అవతల ఎవరి పేరున జమ కావాలో ఉండదు. దానికి ఇంకో సంతకం తీసుకోకపోతే రిలేయర్ తన అడ్రసే పెట్టుకోవచ్చు. పేరు రాయని ప్రోనోటు మీద వేలిముద్ర వేసినట్టే! ప్రాజెక్టులో కోడ్ రాసేటప్పుడు ముందు ఇది చూసుకోండి.