పని మానేశాక రావాల్సిన గ్రాట్యుటీ ఇవ్వకపోతే ఏం చేయాలి?

పని మానేసిన రోజు ఓనరు చేతిలో పెట్టేది ఆఖరి నెల జీతం ఒక్కటే కాదు. ఏళ్ల తరబడి చేసిన కష్టానికి గ్రాట్యుటీ కూడా రావాలి. అది బక్షీస్ కాదు, మీ హక్కు. ఖమ్మం గ్రానైట్ యూనిట్లు, రైస్ మిల్లులు, పాల్వంచ, మణుగూరు వైపు ఫ్యాక్టరీలలో పని చేసి మానేసినవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి.

ఎవరికి వస్తుంది?

10 మంది, అంతకు మించి పని చేసే చోట 5 ఏళ్లు ఆగకుండా పని చేసినవారికి వస్తుంది. మీరే రాజీనామా చేసినా వస్తుంది. కార్మికుడు చనిపోతే 5 ఏళ్లు నిండకపోయినా కుటుంబానికి ఇవ్వాలి. "ఇప్పుడు మా దగ్గర ఎనిమిది మందే ఉన్నారు" అంటే కుదరదు. ఒకసారి చట్టం కిందికి వచ్చిన సంస్థకు తర్వాత మనుషులు తగ్గినా చట్టం వర్తిస్తుంది. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ వచ్చింది. దాని ప్రకారం గడువు పెట్టి కాంట్రాక్టు రాసుకున్న ఉద్యోగికి ఏడాది సర్వీసు చాలు.

రైతు చేలో మిరపకాయ కోతకు పోయే కూలీలకు ఇది వర్తించదు. సీజన్‌లో మాత్రమే నడిచే మిల్లులో పని చేసేవారికి సీజన్‌కు 7 రోజుల కూలి చొప్పున వస్తుంది.

ఎంత వస్తుంది?

ఆఖరి నెల జీతాన్ని (బేసిక్, డీఏ) 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. 6 నెలలు దాటితే ఏడాది కింద లెక్క.

ఉదాహరణ: ఒక కార్మికుడు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో 11 ఏళ్ల 8 నెలలు చేశాడు. ఆఖరి జీతం 13,000 రూపాయలు. రోజుకు 500. పదిహేను రోజులకు 7,500. సర్వీసు 12 ఏళ్ల కింద లెక్క. మొత్తం 90,000 రూపాయలు. అడగకుండా ఊరుకుంటే పోగొట్టుకునేది ఇంత.

ఎలా అడగాలి?

1. ముందు ఓనరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. ఒక కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

2. పని మానేసిన 30 రోజుల్లోపు ఓనరు డబ్బు చెల్లించాలి. ఆలస్యం చేస్తే వడ్డీతో ఇవ్వాలి. 1972 చట్టం కింద ఇది ఏడాదికి 10 శాతం. పై ఉదాహరణలో నెలకు 750 రూపాయలు.

3. అయినా ఇవ్వకపోతే కార్మిక శాఖ సహాయ కమిషనర్ కార్యాలయానికి వెళ్లి, గ్రాట్యుటీ ఫారం అడిగి అర్జీ పెట్టండి. పాత నిబంధనల్లో దీనికి 90 రోజుల గడువు. జబ్బు చేయడం లాంటి సరైన కారణం ఉంటే ఆలస్యంగానైనా తీసుకుంటారు. అయినా తాత్సారం చేయకండి. గనుల్లో పని చేసినవారు కేంద్ర కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లాలి.

4. అధికారి ఇద్దరినీ పిలిచి విచారిస్తారు. ఆర్డరు వచ్చినా ఓనరు కట్టకపోతే, కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయించవచ్చు. ఓనరు అప్పీలుకు పోవాలంటే ముందు ఆ సొమ్ము డిపాజిట్ చేయాలి.

ఇల్లు ఒక రాష్ట్రం, పని ఒక రాష్ట్రమైతే?

కూనవరం, చింతూరు, వీఆర్ పురం 2014లో ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే ఉంది. మీ ఇల్లు ఎక్కడుందన్నది కాదు, మీరు పని చేసిన సంస్థ ఎక్కడుందన్నది చూస్తారు. కూనవరం మనిషి భద్రాచలం మిల్లులో చేస్తే తెలంగాణ కార్మిక శాఖకే అర్జీ పెట్టాలి.

కాగితాలు లేకపోతే?

నియామక పత్రం లేదని వెనక్కి తగ్గొద్దు. పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్, గేట్ పాస్, హాజరు కార్డు పనికొస్తాయి. తోటి కార్మికుల సాక్ష్యం కూడా చెల్లుతుంది. ఈ-శ్రమ్ కార్డు ఉందా లేదా అన్నదానితో సంబంధం లేదు.

గుర్తుంచుకోండి: "లెక్క ముగిసింది" అంటూ ఇచ్చే కాగితం చదివించుకోకుండా, ఖాళీ కాగితం మీద ఎంత బతిమాలినా సంతకం చేయకండి. కంపెనీ నష్టాల్లో ఉందన్న మాటతో మీ గ్రాట్యుటీ రద్దు కాదు. ఈ రోజే మీ పాస్‌బుక్ తీసి, పనిలో చేరిన తేదీ, మానేసిన తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ అర్జీకి అదే మొదటి మెట్టు.