పరుగుబాట - గ్రామము చేతిలోని ఆస్తి

గ్రామ పంచాయతీకి గల ఆస్తులేవని అడిగినచో సభ్యులు సాధారణముగా పంచాయతీ భవనము, మంచినీటి ట్యాంకు, వీధిదీపములు, సంత స్థలము అని లెక్క చెప్పుదురు. చెరువుకట్టపై సాగు కాలిబాట, పొలములకు పోవు బండ్లబాట, గుట్ట అంచున మందలు తిరుగు దారి ఈ లెక్కలోనికి తరచుగా రావు. వీనిని ఎవరును ఖర్చు పెట్టి నిర్మింపలేదు. అందుచేతనే వీని రక్షణ ఎవరికిని పట్టలేదు. కాని తెల్లవారకమునుపే లేచి పరుగెత్తు యువతీయువకులకు, వైద్యుని సలహాపై నడచు పెద్దలకు ఇవియే వ్యాయామశాలలు. ఈ బాటలను పంచాయతీ ఎట్లు గుర్తింపవలెనో, ఎట్లు కాపాడవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

పరుగు ఎవరికి అవసరము?

పరుగు పట్టణవాసుల వేడుక మాత్రమే యని కొందరి అభిప్రాయము. ఇది సరికాదు. తెలంగాణ రాష్ట్రమున 2022 నాటి పోలీసు కానిస్టేబుళ్ళ నియామకములో పురుషులు 1600 మీటర్ల దూరమును 7 నిమిషముల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్ల దూరమును 5 నిమిషముల 20 సెకన్లలోను పరుగెత్తవలసి యుండెను. ఈ ఉద్యోగములకు పోటీపడువారిలో గ్రామముల బిడ్డలు పెక్కుమంది. వారు అభ్యాసము చేయుట ఎక్కడ? బడి ఆటస్థలము లేనిచోట తారురోడ్డే వారికి దిక్కు.

వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున పుట్టిన జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలయందు 400 మీటర్ల పరుగులో కాంస్య పతకమును గెలిచినది. పల్లెలలో శక్తికి కొరత లేదనుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు. ఇక పెద్దల సంగతి. మధుమేహము, రక్తపోటు నేడు పల్లెలలోను కానవచ్చుచున్నవి. వయోజనులు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు శ్రమ గల వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. వేగముగా నడచుట ఇందుకు చాలును. దానికి కావలసినది భయము లేని దారి ఒక్కటియే.

నార్సింగి చెప్పు పాఠము

హైదరాబాదునకు పడమట, మూసీనది చెంత నార్సింగి యున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన వచ్చిన మూసీ వరదల పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి నిర్మింపబడి, 1920లో పూర్తియైన ఉస్మాన్ సాగర్, అనగా గండిపేట చెరువు, దీనికి సమీపముననే కలదు. మరొక ప్రక్క మంచిరేవుల అడవి, చుట్టును దక్కను పీఠభూమికి సహజములైన నల్లరాతి గుట్టలు. నీరు, అడవి, గుట్ట మూడును ఒక్కచోట కూడిన ప్రదేశము. పరుగునకు ఇంతకంటె అనువైన తావు అరుదు.

నార్సింగి గ్రామ పంచాయతీగా నుండి 2018లో పురపాలక సంఘమైనది. ఈలోగా బాహ్యవలయ రహదారి వచ్చినది. గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు గల భాగము 2008లో తెరువబడినది. ప్రక్కనున్న కోకాపేటలో 2023 ఆగస్టు 3వ తేదీన జరిగిన వేలములో ఎకరము భూమి 100 కోట్ల 75 లక్షల రూపాయల ధర పలికినది. ఇట్టి ధర గల చోట కాలిబాట కొరకు నేల కొనుట ఏ స్థానిక సంస్థకును సాధ్యమగు పని కాదు.

ప్రభుత్వము ఊరకుండలేదు. గండిపేట ఒడ్డున 2022లో 18 ఎకరముల ఉద్యానవనము, మంచిరేవులలో 2023లో అటవీ ఉద్యానము తెరువబడినవి. అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదీన బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌర ఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాట ప్రారంభమైనది. అందులో ఒక శాఖ నార్సింగి నుండి కొల్లూరు వరకు సాగును. ఇవి మెచ్చదగిన పనులు. అయినను ఒక సంగతి గమనింపుడు. పల్లెగా నున్ననాడు కాలి క్రిందనే ఉన్న సదుపాయమును నగరమైన పిమ్మట ఎంతో ధనముతో తిరిగి కల్పింపవలసి వచ్చినది.

అట్టి సదుపాయము అందనివారు రోడ్డుమీదనే నడచుచున్నారు. 2023 జూలై 4వ తేదీ ఉదయమున, నార్సింగి పోలీసు ఠాణా పరిధిలో బండ్లగూడ చెంత, నడకకు వచ్చిన తల్లీకూతుళ్ళు అతివేగముగా వచ్చిన కారు తాకిడికి ప్రాణములు కోల్పోయిరి. ఆరోగ్యము కొరకు ఇల్లు వెడలినవారికి ఇట్టి గతి పట్టరాదు. నగరము చేరువగుచున్న ప్రతి పంచాయతీయు ఈ సంగతిని మనసున నుంచుకొనవలెను.

విశాఖ చూపిన దారి

సముద్రము, కొండ, అడవి కలిసిన చోటు మన తెలుగునాట విశాఖపట్టణము. అచ్చట ప్రతి సంవత్సరము ఆషాఢ పౌర్ణమి సందర్భమున సింహాచలము కొండ చుట్టు జరుగు గిరిప్రదక్షిణ సుమారు 32 కిలోమీటర్ల కాలినడక. కొండదిగువనున్న తొలిపావంచ వద్ద బయలుదేరిన భక్తులు అడవివరము, ముడసర్లోవల మీదుగా జోడుగుళ్ళపాలెము వద్ద సముద్రతీరమును చేరి, మాధవధార, గోపాలపట్టణముల మీదుగా తిరిగి కొండకు వత్తురు. ఆ దినమున దారి పొడుగునను త్రాగునీరు, వైద్యసహాయము, వెలుతురు ఏర్పాటు చేయుదురు. ఇందువలన తెలియునది ఏమన, నడచువారిని తలచుకొని చూచినచో ఉన్న దారియే చక్కని నడకదారి కాగలదు.

విశాఖ బీచిరోడ్డులో ఉదయపు తొలి గంటలయందు కొంత మేరకు వాహనములను నిలిపి, నడచువారికి రోడ్డును విడిచిపెట్టు పద్ధతియు పాటింపబడినది. దీనికి సిమెంటు అక్కరలేదు, తారు అక్కరలేదు. కావలసినది ఒక నిర్ణయము, రెండు అడ్డుకఱ్ఱలు.

పంచాయతీ చేయవలసిన పనులు

మొదటిది, గుర్తించుట. రెవిన్యూ అధికారుల వద్దనున్న గ్రామనక్షాను తెప్పించి, అందు చూపబడిన బండ్లబాటలను, చెరువు శిఖము హద్దును నేలపై సరిచూడవలెను. ఇంగ్లండు, వేల్సు దేశములలో 1949 నాటి చట్టము ప్రకారము స్థానిక ప్రభుత్వములు ప్రజల కాలిబాటలను పటములలో నమోదు చేసినవి. పటమున కెక్కిన బాట ప్రజల హక్కునకు సాక్ష్యము. మన గ్రామసభయు తన బాటల జాబితాను చదివి వినిపించి, తీర్మాన పుస్తకమున వ్రాయించుట మంచిది. ఆక్రమణ కనిపించినచో అది చిన్నదిగా నున్నప్పుడే వ్రాతమూలకముగా అధికారులకు తెలుపవలెను.

రెండవది, కొలుచుట. సైకిలు చక్రమునకు సున్నపు గుర్తు పెట్టి, ఒక్క చుట్టునకు ఎంత దూరము పోవునో టేపుతో కొలువుడు. అది 2 మీటర్ల 10 సెంటీమీటర్లైనచో 762 చుట్లకు 1600 మీటర్లగును. ప్రతి 400 మీటర్లకు ఒక రాతిని పాతి సున్నము వేసినచో పిల్లలు తమ వేగమును తామే లెక్కించుకొందురు.

మూడవది, నేలను సరిచేయుట. గుంటలు పూడ్చి మొరము పోసి చదును చేసిన చాలును. కాళ్ళకు తారురోడ్డుకంటె మట్టిబాట మెత్తన. దూరపు పరుగులో పేరుపొందిన కెన్యా దేశపు పరుగువీరులు ఇటెన్ పట్టణపు మట్టిబాటలపైననే అభ్యసింతురు. చెరువుకట్టపై మాత్రము పెద్దచెట్లు నాటరాదు. వేళ్ళు కట్టను బలహీనపరచును. నీడచెట్లను కట్టకు దూరముగా, దిగువన నాటవలెను. కట్టపై పని చేయుటకు ముందు నీటిపారుదలశాఖవారి అనుమతి పొందవలెను.

నాల్గవది, అపాయములను తొలగించుట. బాటకు ఇరువైపుల గడ్డి కోయించినచో పాముల భయము తగ్గును. వాగు దాటు చోట హెచ్చరిక పలక అవసరము. గండిపేట గేట్లు ఎత్తినప్పుడు నార్సింగి, మంచిరేవుల నడుమ సర్వీసు రోడ్డుపై నీరు పారి రాకపోకలు ఆగిన సందర్భములు కలవు. అడవిలోనికి పోవు దారికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. చీకటివేళ అటు పోరాదు. 2020లో నార్సింగికి దూరము కాని రాజేంద్రనగరు పరిసరములలోనే చిరుతపులిని పట్టుకొనిరి. రోడ్డుపై పరుగెత్తక తప్పనిచో ఎదురుగా వచ్చు బండ్లు కనబడునట్లు కుడిప్రక్కన, తెల్లని దుస్తులతో పరుగెత్తవలెనని పిల్లలకు చెప్పుడు.

ఐదవది, ఆడపిల్లల సౌకర్యము. బాట ఊరికి కనబడునట్లుండవలెను. మలుపులవద్ద తుమ్మపొదలు పెరుగనీయరాదు. మొదట, చివర దీపముండవలెను. ఏ దారిలో ఆడపిల్ల ఒంటరిగా జంకు లేక పరుగెత్తగలదో ఆ దారి అందరికిని మంచిదే. దీనిని మహిళా సభ్యులు తామే నడచి చూచి నిర్ణయింపవలెను.

సభలో చర్చింపుడు

రాబోవు సమావేశమున ఈ మూడు ప్రశ్నలను సభ్యులు చర్చింతురుగాక. మన ఊరిలో నక్షాపై నుండి నేలపై లేని బాట ఏది? మన పిల్లలు తెల్లవారుజామున ఎక్కడ పరుగెత్తుచున్నారు? మహిళలు నడచుటకు జంకు చోటు ఏది?

ఈ పనులలో పెక్కింటికి కొద్దిపాటి కూలి ఖర్చు, సభ్యుల శ్రద్ధ చాలును. భూమి ధర పెరిగిన పిమ్మట అవియే పనులు కోట్ల రూపాయల పథకములగును. కనుక నగరము పొలిమేరకు రాకమునుపే బాటను తీర్మాన పుస్తకమున నమోదు చేసి, హద్దురాళ్ళు పాతించుడు.