వ్యాధి పేరు, నీటి జాడ

ముండ్లమూరు ప్రాంతమున ఒకరు పండ్లకు గార పట్టినదందురు. మరియొకరు నడుము బిగిసినదందురు. రెండును ఫ్లోరోసిస్ కావచ్చును. దర్శి సీమ నాడు నెల్లూరు జిల్లాలోనిది. మన దేశమున ఈ వ్యాధిని తొలుత 1937లో ఆ జిల్లాలోనే వైద్యులు వర్ణించిరి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పదవ వర్గీకరణమున పండ్ల మచ్చలకు కె00.3, ఎముకల ఫ్లోరోసిస్‌కు ఎం85.1 సంకేతములు. వేర్వేరు అధ్యాయములలో నుండుటచే మూలము మరుగుపడును. స్నోమెడ్ అను వైద్య పదకోశము వ్యాధిని అది సోకు అవయవముతోను, కారక పదార్థముతోను ముడివేయును. అప్పుడు రెండును ఫ్లోరైడునకే చేరును.

చిట్టాలో 'నడుము నొప్పి' అని మాత్రమే వ్రాసినచో ఆ ముడి తెగును. చెడిన బావి లెక్కకు రాదు. ప్రతి నొప్పియు ఫ్లోరోసిస్ కాదు; నిర్ణయము వైద్యునిదే. రోగి ఏ బావి నీరు, ఎన్నేండ్లుగా త్రాగుచున్నాడో చెప్పించి, ఆ నీటిని పరీక్ష చేయింపుడని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము.