ముందు స్లైడు, ఆ తర్వాతే మౌత్‌పీస్

మే నెలలో పొద్దుగూకినా వరంగల్ రోడ్లు సెగలు కక్కుతూనే ఉంటాయి. సరిగ్గా ఆ వేళకే బరాత్ కదులుతుంది. ఈసారి బ్యాండులో ట్రంపెట్ ఊదే మనిషిని కాసేపు గమనించండి. ఒక పాట అయిపోయి ఇంకో పాట ఎత్తుకునేలోపు, పని తెలిసినవాడైతే వాయిద్యం ముందువైపున్న వంపు గొట్టాన్ని ఇంత బయటికి లాగుతాడు. ఒక స్వరం ఊదుతాడు, బండి మీది కీబోర్డు వైపు చెవి పెడతాడు, ఇంకాస్త లాగుతాడు. అదే ట్యూనింగ్ స్లైడు.

గాలి వేడెక్కితే అందులో ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లుండే వేగం 38 డిగ్రీలకు సుమారు 354 అవుతుంది. వేగం పెరిగితే ట్రంపెట్ శ్రుతి పైకి పోతుంది. కీబోర్డుకు ఎండా లేదు, వానా లేదు. దాని శ్రుతి దానిదే. కాబట్టి ట్రంపెటే దిగిరావాలి. స్లైడును ఒక సెంటీమీటరు లాగితే, దానికి రెండు కాళ్లు కాబట్టి, గొట్టం రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. దాదాపు ఒకటిన్నర మీటర్ల గొట్టంలో ఇది ఎంత? కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య ఉన్న దూరంలో ఇంచుమించు పావు వంతు. చెవి ఉన్నవాడికి ఆ పావు చాలు.

అసలు పరీక్ష ఆ తర్వాత. అదే మేళం ఏసీ ఫంక్షన్ హాల్లోకి అడుగుపెడుతుంది. చల్లగాలికి శ్రుతి కిందికి జారుతుంది. రోడ్డు మీద సరిపోయిన స్లైడు ఇక్కడ తప్పు. ‘బయట అందరూ మెచ్చుకున్నారు కదా’ అని దాన్ని అలాగే వదిలేస్తే లోపల అపస్వరమే.

మనలో చాలామంది చేస్తున్నది ఇదే. కాలేజీ ఫెస్టులో పనికొచ్చిన గొంతుతోనే ఇంటర్వ్యూలో మాట్లాడతాం. స్నేహితుల మధ్య చెల్లిన వెటకారాన్ని ఆఫీసు మీటింగుకూ పట్టుకెళ్తాం. ఎవరైనా చెబితే ‘నేనింతే’ అంటాం. మీ స్వభావం మార్చుకోమని ఎవరూ అడగడం లేదండీ. ట్రంపెట్‌ను ఎవరూ క్లారినెట్‌గా మార్చమనడం లేదు. చోటు మారినప్పుడు మొదటి ఐదు నిమిషాలు తక్కువ మాట్లాడి, ఎక్కువ వినండి. అవతలివాళ్ల వేగం, గొంతు స్థాయి, వాళ్లు దేనికి నవ్వుతున్నారు, దేనికి మౌనంగా ఉంటున్నారు — ఇవి తెలిశాక మీ స్లైడు ఎంత లాగాలో మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. ఎంత ఖరీదైన ట్రంపెట్‌కైనా పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. మూడు వాల్వుల్లో ఒక్కో దానికి ఒక్కో అదనపు గొట్టం. ఒకటో వాల్వు, మూడో వాల్వు కలిపి నొక్కినా, మూడూ కలిపి నొక్కినా ఆ గొట్టాల మొత్తం ఉండాల్సిన దానికన్నా కాస్త తక్కువ పడుతుంది; ఆ స్వరాలు శ్రుతికి పైన పలుకుతాయి. తయారీదారు దీన్ని దాచలేదు. మూడో వాల్వు స్లైడుకు ఒక ఉంగరం తగిలించి, ఎడమచేతి వేలు అందులో దూర్చి ఆ స్వరం వచ్చినప్పుడల్లా ముందుకు తోసుకోమన్నాడు. వేదికల మీద వాయించే విద్వాంసులూ జీవితాంతం తోస్తూనే ఉంటారు.

మీ లోపం మీకు తెలుసు. కంగారులో మాట వేగం పెరుగుతుందా? ఎవరడిగినా ఆలోచించకుండా సరే అనేస్తారా? అది పూర్తిగా పోయేదాకా ఆగి ఆ తర్వాత బతుకుదామని కూర్చోకండి. దానికో ఉంగరం పెట్టుకోండి. ‘రేపు చెబుతాను’ అన్న ఒక్క మాట చాలామందికి చక్కటి ఉంగరం.

ఇక మౌత్‌పీస్, అంటే పెదవులకు ఆనించే కప్పు లాంటి ముక్క. డబ్బు ఖర్చయ్యేదీ, మనసు లాగేదీ ఇక్కడే. ఆస్ట్రియాలో 1890లో పుట్టిన విన్సెంట్ బాక్ మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ట్రంపెట్ వాద్యకారుడయ్యాడు. 1918లో న్యూయార్క్‌లో మౌత్‌పీస్‌ల తయారీకి దిగాడు. వాటి కొలతలకు ఆయన పెట్టిన గుర్తులే ఇవాళ దుకాణాల్లో సగం భాష. అంకె తగ్గేకొద్దీ కప్పు వెడల్పు. అక్షరం ‘ఏ’ అయితే లోతు, ‘ఈ’ అయితే లోతు తక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి మామూలుగా వచ్చేది 7సీ. దాని కప్పు వ్యాసం 16.20 మిల్లీమీటర్లు. చాలామంది ఎగబాకాలనుకునే 3సీ 16.30. తేడా ఒక తెల్లకాగితం మందం.

ఆ మందాన్ని పెదవి గుర్తుపడుతుంది, అందులో అనుమానం లేదు. లోతు తక్కువ కప్పు తారస్థాయిని తేలిక చేస్తుంది, నాదాన్ని పదునెక్కిస్తుంది. బదులుగా కింది స్వరాలను పలచన చేస్తుంది. లోతు కప్పు నాదాన్ని గుండ్రంగా నింపుతుంది, కానీ పై స్వరాల దగ్గర ఊపిరిని పిండుతుంది. అన్నీ ఇచ్చే మౌత్‌పీస్ ఇంకా తయారు కాలేదు. మరి కొత్తది పెట్టిన మొదటి రెండ్రోజులు అంత బాగా ఎందుకు పలుకుతుంది? ఆ రెండ్రోజులూ మనం ఒళ్లు దగ్గర పెట్టుకుని ఊదుతాం కాబట్టి. శ్రద్ధ తగ్గగానే పాత తప్పులు కొత్త వెండిపూతలోంచి వినిపిస్తాయి.

ఈ మోజు మౌత్‌పీస్‌తో ఆగదు. హన్మకొండలో గ్రూప్స్‌కో, డీఎస్సీకో చదువుతున్నవాళ్ల గదుల్లోకి వెళ్లి చూడండి. ఒకే సబ్జెక్టుకు నాలుగు రకాల మెటీరియల్. ఏదీ సగం దాటదు. మార్కులు రాకపోతే కోచింగ్ సెంటర్ మారుస్తారు, రూమ్మేటును మారుస్తారు, చివరికి టైంటేబుల్ రాసుకునే యాప్ కూడా మారుస్తారు. పొద్దున లేచే వేళను మాత్రం మార్చరు. అది ఉచితం కాబట్టేమో, దాని మీద ఎవరికీ గౌరవం లేదు!

మార్పు బదులు బలప్రయోగం చేసేవాళ్లూ ఉన్నారు. పై స్వరం రాకపోతే మౌత్‌పీస్‌ను పెదవులకేసి అదుముతారు. ఆ క్షణానికి స్వరం వస్తుంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడికే పెదవులు చితికి, 1930ల నడుమ కొన్ని నెలలు ట్రంపెట్ పక్కన పెట్టాల్సి వచ్చింది. రాత్రి మూడింటిదాకా టీ తాగుతూ చదవడం ఈ అదుముడు కోవలోకే వస్తుంది. పరీక్ష ఒకటైతే గట్టెక్కుతారు. ఏడాది పొడవునా అంటే ఒళ్లు ఒప్పుకోదు.

పరికరం మార్చకుండా ఎంత దూరం పోవచ్చో తెలియాలంటే వరంగల్‌వాళ్లు వేరే ఊరు చూడనక్కర్లేదు. 1932లో ఇక్కడే పుట్టిన మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారికి ఉన్నది ఒకే గొంతు. పెదవి, నాలుక, శ్వాస — వీటినే జరుపుకుంటూ వందలాది గొంతులు పలికించారు. 1971లో ఐక్యరాజ్యసమితిలో ప్రదర్శన ఇచ్చారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు.

అలాగని మౌత్‌పీస్ ఎప్పుడూ మార్చొద్దని కాదు. పెదవులకు సరిపడని అంచుతో ఏళ్లు నెట్టుకురావడం మొండితనం. సరిపడని ఉద్యోగమైనా అంతే. మార్చే ముందు చూసుకోవలసినవి కొన్నున్నాయి. వాయిద్యం వేడెక్కిందా? లోపలి నీళ్లు వదిలారా? స్లైడు కదిలించి చూశారా? రోజూ దీర్ఘస్వరాలు సాధన చేస్తున్నారా? వీటన్నిటికీ అవుననే జవాబు వచ్చి, అయినా అదే ఇబ్బంది అదే చోట వస్తుంటే కొత్తది అడిగి తెచ్చుకోండి. రెండు వారాలు అది తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు. ఆ తర్వాత చెవి ఉన్న మిత్రుణ్ని వీధి చివర అటు తిరిగి నిలబడమని, ఒకే పాటను పాతదానితో, కొత్తదానితో ఊది వినిపించండి. ఏది ఏదో ఆయన చెప్పలేకపోతే కొత్తదాన్ని తిరిగిచ్చేసి, దాన్ని కొనాలనుకున్న డబ్బులో కొంతపెట్టి వాల్వ్ ఆయిల్, స్లైడుకు గ్రీజు తెచ్చుకోండి. చాలా స్లైడులు కదలకపోవడానికి కారణం చిలుమూ, ఎండిన జిడ్డూ.